తరువాత చదివే మనిషి కోసం



నాచారం పారిశ్రామిక వాడలో లేత్ మీదో మిల్లింగ్ మెషిన్ మీదో పనిచేసే మనిషి చేతికి రోజూ డ్రాయింగులు వస్తుంటాయి. అవి ఎవరు గీశారో అతనికి తెలియదు. గీసినవారు ఇంకే ఊళ్లోనో ఉండొచ్చు, ఆ కంపెనీ వదిలి ఎప్పుడో వెళ్లిపోయి ఉండొచ్చు. అయినా పని ఆగదు. కాగితం కింద కుడిమూలన ఒక పెట్టె ఉంటుంది. ఏ లోహం, ఏ స్కేలు, కొలతలో ఎంత తేడా వస్తే ఒప్పుకుంటారు, ఫస్ట్ యాంగిలా థర్డ్ యాంగిలా అన్నీ అందులో ఉంటాయి. పక్కనే రివిజన్ల పట్టిక: ఏ తేదీన ఏ కొలత మారింది, ఎవరు మార్చారు, ఎవరు సరిచూశారు. పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లలకు మొదటి ఏడాదే ఇది నేర్పుతారు. గీత ఎంత మందం ఉండాలో, అంకె ఎక్కడ వేయాలో కూడా భారతీయ ప్రమాణాల సంస్థ ఎస్‌పీ 46 అనే పుస్తకంలో నిర్ణయించి పెట్టింది. యాంగిల్ గుర్తు ఒక్కటి తప్పుగా చదివితే చాలు, కుడివైపు రావలసిన రంధ్రం ఎడమవైపు పడుతుంది.

సాఫ్ట్‌వేర్‌కు కూడా అలాంటి పెట్టె, అలాంటి పట్టిక కావాలి. ముఖ్యంగా ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు. అంటే ఎవరైనా చదవడానికి, వాడుకోవడానికి, మార్చి మళ్లీ పంచిపెట్టడానికి అనుమతి ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌కు. దాని కోడు ఏ తీరుగా రాయాలి, రాసిన తరువాత ఎవరు, ఎలా కనిపెట్టుకుని ఉండాలి అన్నది ఈ పూట నా ప్రసంగ విషయం. ఉప్పల్‌లో, బోడుప్పల్‌లో, హబ్సిగూడలో ఉంటూ పొద్దున్నే రాయదుర్గం వైపు మెట్రో ఎక్కే యువతీ యువకుల్లో చాలామందికి ఇదే వృత్తి. ఇంజనీరింగ్ చదువుతూ ఆ వృత్తి కోసం సిద్ధమవుతున్నవాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్లనే మనసులో పెట్టుకుని మాట్లాడుతున్నాను.

మన తూర్పు హైదరాబాదుకు కంప్యూటర్లు కొత్త కాదు. 1967లో అయ్యగారి సాంబశివరావు గారి నాయకత్వంలో ఈసీఐఎల్ అనే ప్రభుత్వ సంస్థ మొదలైంది. టీడీసీ వరుస కంప్యూటర్లు అక్కడే తయారయ్యాయి. నాచారం నుంచి ఉత్తరంగా వెళితే వచ్చే ఏ.ఎస్.రావు నగర్ పేరులో ఉన్నది ఆయనే. ఆ కాలంలో ప్రోగ్రాం రాసినవారూ దాన్ని నడిపేవారూ చాలావరకు ఒకే ఆవరణలో ఉండేవారు. అనుమానం వస్తే లేచి వెళ్లి అడిగేవారు. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టును ప్రకటించాక, 1991లో లైనస్ టోర్వాల్డ్స్ అనే ఫిన్లండ్ విద్యార్థి లినక్స్‌ను అందరి ముందూ పెట్టాక, ఆ పరిస్థితి మారిపోయింది. ఇవాళ మీ ఆండ్రాయిడ్ ఫోను అడుగున ఉన్నది లినక్స్ కెర్నలే. దాన్ని రాసినవాళ్లు వేలమంది, ఒకరి ముఖం ఒకరు చూడనివాళ్లు. వాళ్ల మధ్య ఉన్నది కోడు ఒక్కటే. లేచి వెళ్లి అడిగే వీలు లేనప్పుడు, అడగవలసిన అవసరం రాకుండా రాయడమే మర్యాద. నేను చెప్పదలుచుకున్నదంతా ఆ మర్యాద గురించే.

చూడ్డానికి ఎలా ఉన్నా పని చేస్తే చాలదా అని కొందరు అడుగుతారు. వారి కోసం ఒక సంగతి. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ కంపెనీ ఐఫోన్లకు అత్యవసరంగా ఒక సవరణ విడుదల చేసింది. మనం తెరిచిన వెబ్‌సైటు నిజంగా మన బ్యాంకుదేనా, దాని పేరుతో ఎవరైనా మధ్యలో కూర్చున్నారా అని తేల్చే కోడులో లోపం బయటపడింది. ఆ భాగం సోర్సును ఆపిల్ బహిరంగంగా ప్రచురిస్తుంది కాబట్టి ప్రపంచమంతా దాన్ని చదివింది. అందులో తనిఖీలు వరసగా ఉన్నాయి. ఏ తనిఖీ విఫలమైనా చివరి భాగానికి వెళ్లిపొమ్మని చెప్పే ఆజ్ఞ ఒకటి, 'గోటూ ఫెయిల్' అని, ప్రతి తనిఖీ కిందా ఉంది. ఒక చోట ఆ వరుస రెండుసార్లు పడింది. మొదటిది షరతు కింద ఉంది. రెండోదానికి షరతేమీ లేదు, అది ఎప్పుడూ నడుస్తుంది. కానీ రెండూ ఒకే దూరం లోపలికి జరిపి ఉండడం వల్ల, రెండూ ఆ షరతుకు చెందినవే అని కన్ను నమ్మేసింది. ఫలితంగా అసలైన చివరి తనిఖీ, సంతకం సరిచూసే తనిఖీ, జరగకుండానే అంతా సవ్యంగా ఉందన్న జవాబు వెళ్లిపోయేది.

సీ భాషలో షరతు కింద ఆజ్ఞ ఒక్కటే ఉంటే దాన్ని కర్లీ బ్రాకెట్లలో పెట్టనక్కరలేదు. ఎప్పుడూ పెట్టాలి అన్న నియమం ఆ కోడులో పాటించి ఉంటే, అదనంగా పడిన ఆ వరుస బ్రాకెట్లో పడితే హాని చేసేది కాదు, బయట పడితే వెంటనే కంటికి తగిలేది. లినక్స్ కెర్నల్ వారి శైలి పత్రం మాత్రం ఒకే ఆజ్ఞ ఉన్నప్పుడు బ్రాకెట్లు వద్దంటుంది. వారి మీద ఎంత గౌరవం ఉన్నా ఈ ఒక్క విషయంలో నేను ఆ నియమాన్ని ఒప్పుకోను. కొత్తగా ప్రాజెక్టు మొదలుపెట్టేవారు ఎవరైనా బ్రాకెట్లు పెట్టమనే చెబుతాను. 2016లో వచ్చిన జీసీసీ 6 కంపైలరు ఇలా కన్నును మోసం చేసే ఇండెంటేషన్‌ను పసిగట్టి హెచ్చరించడం నేర్చుకుంది. మనుషులు పదే పదే పొరబడే చోటును యంత్రానికి అప్పగించడం మంచి నిర్వహణలో మొదటి మెట్టు.

ఆ సంఘటన జరిగిన రెండు నెలలకే, 2014 ఏప్రిల్‌లో, హార్ట్‌బ్లీడ్ వచ్చింది. ఇంటర్నెట్టులో పెద్ద భాగానికి తాళంలా పనిచేసే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే లైబ్రరీలో లోపం అది. నువ్వు బతికే ఉన్నావా అని ఒక కంప్యూటరు మరొకదాన్ని పలకరించేటప్పుడు, తాను పంపిన మాట పొడవెంతో కూడా చెబుతుంది. చెప్పిన పొడవు నిజమా అని అవతలివైపు సరిచూసుకోలేదు. చిన్న మాట పంపి, పొడవు 64 కిలోబైట్లని అబద్ధం చెబితే, సర్వరు తన జ్ఞాపకంలో పక్కనే ఉన్నదంతా తీసి ఇచ్చేది. అందులో పాస్‌వర్డులు ఉండొచ్చు, రహస్య కీలు ఉండొచ్చు. 2012 మార్చిలో విడుదలైన వెర్షన్‌తో వచ్చిన లోపం రెండేళ్లు అలాగే ఉండిపోయింది. అంతమంది వాడుతున్న లైబ్రరీని పూర్తికాలం చూసుకునే మనిషి దాదాపు ఒక్కరే అని, ఏడాదికి వచ్చే విరాళాలు రెండు వేల డాలర్లకు అటూ ఇటూ అని అప్పుడు లోకానికి తెలిసింది.

తరువాత ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ వాళ్లు ఏం చేశారన్నది అంతగా ప్రచారంలోకి రాలేదు. డబ్బు వచ్చింది, మనుషులు వచ్చారు. వచ్చినవాళ్లు తొలి రోజుల్లో చేసిన పనుల్లో ఒకటి, 2015 మొదట్లో, మొత్తం సోర్సును ఒకే శైలిలోకి మార్చడం. అప్పటిదాకా ఆ కోడు తీరు ఆ కొద్దిమందికి మాత్రమే అలవాటైనది. కొత్తగా వచ్చినవారికి చదవడమే కష్టంగా ఉండేది. చదవలేని కోడులో లోపం ఎవరు పట్టగలరు? లక్షల వరుసలను ఒక్క దెబ్బతో మార్చడం మామూలు సాహసం కాదు. పాత వెర్షన్లకు పంపే సవరణలు అతకవు, ఏ వరుస ఎవరు ఎందుకు రాశారో వెతికే చరిత్ర చెదిరిపోతుంది. ఆ నష్టాలన్నీ తెలిసే చేశారు. అది సరైన నిర్ణయమని నా నమ్మకం. అయితే ఇలాంటి మార్పు చేసేటప్పుడు శైలి మార్పును, పని మార్పును ఒకే కమిట్‌లో, అంటే చరిత్రలో ఒక్క మార్పుగా నమోదయ్యే దానిలో, కలపకూడదు. వెయ్యి వరుసల్లో ఖాళీలు సర్దుతూ మధ్యలో ఒక లెక్క కూడా మారిస్తే, రివ్యూ చేసేవారికి ఆ లెక్క కనబడదు.

శైలి అనగానే ట్యాబా స్పేసా అన్న వాదన మొదలవుతుంది. లినక్స్‌లో ఇండెంట్ ఎనిమిది అక్షరాల వెడల్పు. గ్నూ ప్రాజెక్టులో రెండు. పైథాన్ కోసం 2001లో వెలువడిన పెప్ 8 పత్రంలో నాలుగు, వరుసకు 79 అక్షరాలకు మించరాదు. ఈ 80 దరిదాపుల అంకె 1928 నాటి ఐబీఎం పంచ్ కార్డు నుంచి నడిచి వచ్చింది. ఆ కార్డుకు 80 నిలువు వరుసలుండేవి. లినక్స్ వారు కూడా 2020లో గాని తమ తనిఖీ పరికరంలో ఆ హద్దును 100కు పెంచలేదు. వీటిలో ఏది గొప్ప అని నన్నడిగితే, ప్రాజెక్టులో ముందు నుంచి ఏది ఉంటే అదే గొప్ప. గో భాషను తయారుచేసినవారు గోఫ్మ్ట్ అనే పరికరాన్ని భాషతోపాటే ఇచ్చి ఈ తగవు తీర్చేశారు. పైథాన్‌కు 2018లో బ్లాక్ అనే అలాంటి పరికరమే వచ్చింది. ఫైలు సేవ్ చేయగానే పరికరమే సర్దేస్తుంది. రివ్యూలో కామాల గురించి మాట్లాడే సమయం మిగిలిపోతుంది. ఆ మిగిలిన సమయాన్ని పేర్ల మీద, కామెంట్ల మీద ఖర్చుపెట్టాలి. అక్కడ ఇలా సర్దే పరికరాలు మనకు సాయం రావు.

పంచాంగం లెక్కించే ప్రోగ్రాం ఒకటి రాస్తున్నాం అనుకుందాం. సూర్యచంద్రుల మధ్య ప్రతి 12 డిగ్రీల ఎడానికి ఒక తిథి. ఆ ప్రోగ్రాంలో చరరాశి పేరు 'తిథి' అనే ఉండాలి. ఎవరో విదేశీ ప్రోగ్రామరుకు అర్థం కావాలని దాన్ని ఇంగ్లీషులో చాంద్రదినం అని మారిస్తే, పంచాంగం తెలిసినవారు తికమకపడతారు, తెలియనివారికి ఎలాగూ తెలియదు. ఆ రంగంలో వాడే మాటే కోడులోనూ వాడాలి. కాకపోతే తెలుగు మాటను రోమన్ అక్షరాల్లో రాసేటప్పుడు ఒక చిక్కుంది. ధర, రోజు, తేదీ లాంటి మాటలను ఒకరు ఒక రకంగా, మరొకరు ఇంకో రకంగా రాస్తారు. ఒకే ఫైలులో ఒకే మాటకు రెండు వర్ణక్రమాలుంటే వెతుకులాటలో సగం చోట్లు దొరకవు. అందుకని పదాల పట్టిక ఒకటి తయారుచేసి, ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు పక్కనే పెట్టుకోవాలి.

అదే ప్రోగ్రాంలో ఒక చోట 16 నిమిషాలు కలుపుతున్నట్టు కనిపించింది. ఎందుకు? రాసినవారికి తెలుసు. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది, అది కాకినాడ దగ్గరగా పోతుంది. ఉప్పల్ దాదాపు 78.56 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున చూస్తే ఉప్పల్ స్థానిక సమయం దాదాపు 16 నిమిషాలు వెనక. ఈ వివరం రాయకుండా 16 అనే అంకెను ఒంటరిగా వదిలేస్తే, రెండేళ్ల తరువాత వచ్చినవారు అది పొరపాటనుకుని తీసేస్తారు, లేదా విజయవాడకు కూడా అదే వాడేస్తారు. రేఖాంశానికి ఒక పేరు పెట్టి, ఆ 16ను దాని నుంచి లెక్కకట్టి తీయాలి. ఇంకో చోట, రోజుకు తిథి నిర్ణయించేటప్పుడు అర్ధరాత్రిని కాక సూర్యోదయాన్ని తీసుకుంటున్నారు. కామెంటు రాయవలసింది అక్కడ. సూర్యోదయాన్ని తీసుకుంటున్నాం అని కాదు, అది కోడు చూస్తేనే తెలుస్తుంది. సూర్యోదయానికి ఉన్న తిథే ఆ రోజు తిథిగా చెల్లుతుందన్న సంప్రదాయం వల్ల అలా చేశాం అని రాయాలి. కోడు ఏం చేస్తుందో కోడే చెబుతుంది. ఎందుకు చేస్తుందో మనిషి చెప్పాలి.

తెలుగు లిపితో పనిచేసే కోడుకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. 'స్త్రీ' అన్నది మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యూటీఎఫ్-8లో 18 బైట్లు. పేరు పది అక్షరాలకు మించకూడదని ఎవరో ఒక హద్దు పెట్టి, పదో సంకేతం దగ్గర కత్తిరిస్తే ఒత్తు ఊడిపోయి పొల్లు మిగులుతుంది. మన పేర్లకు అలా జరగడం ఎన్ని దరఖాస్తుల్లో చూడలేదు! ఇక సాఫ్ట్‌వేర్ అనే మాటనే చూడండి. టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంటుంది. వ ఒత్తుగా మారిపోకుండా అది ఆపుతుంది. కనబడని అక్షరాలన్నీ చెత్త అనుకుని ఊడ్చేసే కోడు ప్రపంచంలో చాలా ఉంది. ఊడ్చగానే మాట రూపం మారిపోతుంది. అక్కడ ఒక కామెంటు, దానితోపాటు ఒక టెస్టు ఉండాలి. ఈ మాట లోపలికి వెళితే ఇదే రూపంలో బయటికి రావాలి అని యంత్రమే ప్రతిసారీ సరిచూసుకోవాలి. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అనే అక్షరానికి సంబంధించిన ఒక సంకేతాల కూర్పు తెర మీదికి రాగానే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలిపోయాయి. ఆ నెల 19న సవరణ వచ్చేదాకా లోకమంతా మన అక్షరాన్ని ఒక వింతగా చెప్పుకుంది. తప్పు అక్షరానిది కాదు. ఆ కూర్పుతో ఎవరూ ముందుగా పరీక్షించి చూడలేదు.

దీనికి పూర్తిగా విరుద్ధమైన కథ ఒకటుంది. నాకు చాలా ఇష్టమైనది. 2003 డిసెంబరులో వెన్న నాగార్జున గారు తెలుగు వికీపీడియాకు శ్రీకారం చుట్టారు. ఆయనే పద్మ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రాం రాశారు. అప్పట్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటులో ఉండేవి. పద్మ వాటిని యూనికోడ్‌లోకి మార్చి ఫైర్‌ఫాక్స్‌లో చూపించేది. 2006లో వీవెన్ గారు ఆ పద్మ కోడునే ఆధారం చేసుకుని లేఖిని తయారుచేశారు. ఇంగ్లీషు కీబోర్డు మీద తెలుగు రాయడం ఎందరికో దానితోనే అలవాటైంది. ఒకరి కోడును మరొకరు చదివి, అర్థం చేసుకుని, తన పనికి వాడుకోగలిగారు. లేఖినితో తెలుగు రాసినవారి చేతుల మీదుగా తెలుగు వికీపీడియా పెరిగింది. ఇక్కడి నుంచి కథ దేశం దాటుతుంది. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ అన్నిటిలోనూ అక్షరాలను, ఒత్తులను సరైన చోట కూర్చే హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీ ఉంది. 2012 ప్రాంతంలో బెహ్దాద్ ఎస్ఫహ్‌బొద్ భారతీయ లిపులకు సంబంధించిన భాగాన్ని కొత్తగా రాస్తున్నప్పుడు, పరీక్షకు మాటలు కావలసి వచ్చాయి. వికీపీడియాల నుంచి తీసిన మాటల జాబితాలు వాడారు. తెలుగులో తొమ్మిది లక్షలకు పైగా మాటలు. ఒక్కో మార్పు చేశాక, తెలుగు మాటలు ఇన్నింటిలో ఇన్ని సరిగ్గా వచ్చాయి, ఇన్ని తప్పాయి అని ఆ మార్పుకు రాసిన కమిట్ సందేశంలోనే అంకెలు నమోదు చేశారు. ఇప్పటికీ ఎవరైనా వెళ్లి చదువుకోవచ్చు.

కమిట్ సందేశం అంటే ఏమిటో ఇంతకన్నా బాగా నేను చెప్పలేను. 'సరిచేశాను' అని ఒక్క మాట రాసి పంపేవారు మన కాలేజీల్లో చాలామంది. ఏం సరిచేశారు, ముందు ఏం జరిగేది, ఎందుకు జరిగేది, ఈ మార్పు వల్ల ఇంకేం మారుతుంది అన్నవి నాలుగు వాక్యాల్లో పడతాయి. లినక్స్ కెర్నల్‌లో ఫలానా పాత కమిట్‌లో వచ్చిన లోపాన్ని సరిచేస్తున్నాం అని ఆ కమిట్ గుర్తింపు సంఖ్యతో సహా రాస్తారు. 2004 నుంచి ప్రతి మార్పు కిందా పంపినవారు తమ పేరుతో సంతకం కూడా చేస్తున్నారు. అయిదేళ్ల తరువాత ఒక వరుస దగ్గర ఆగిపోయిన మనిషికి దాని చరిత్ర మొత్తం చేతికి అందుతుంది.

ఇప్పుడు విద్యార్థులతో ఒక కఠినమైన మాట. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమం జరిగింది. నాలుగు పుల్ రిక్వెస్టులు, అంటే నా మార్పును చేర్చుకోండన్న వినతులు, పంపితే ఒక టీషర్టు ఇస్తామన్నారు. వేలకొద్దీ ప్రాజెక్టుల మీద పనికిరాని మార్పులు వచ్చి పడ్డాయి. రీడ్‌మీలో ఒక విశేషణం చేర్చడం, ఒక ఖాళీ తీసేయడం, ఇలాంటివి. పంపినవారిలో మన దేశపు విద్యార్థులు చాలామంది. ప్రాజెక్టులను చూసుకునే మెయింటెయినర్లు తమ ఆదివారాలు పెట్టి ఒక్కొక్కటే తెరిచి చూసి మూసేయవలసి వచ్చింది. కొద్ది రోజుల్లోనే నిర్వాహకులు నిబంధనలు మార్చి, ఒప్పుకున్న ప్రాజెక్టులకే దాన్ని పరిమితం చేశారు. రెజ్యూమెలో ఒక వరుస కోసం ఎవరో పరాయి మనిషి విశ్రాంతి సమయాన్ని దోచుకోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. ప్రతిభ ఉన్న పిల్లలకు ఆ దారి చూపించిన పెద్దల మీద కోపమూ వచ్చింది. ఉప్పల్ హాస్టళ్లలో ఉంటూ ఈ ప్రసంగం వింటున్న పిల్లలకు చెబుతున్నాను. మీరు రోజూ వాడే ఒక ప్రాజెక్టును ఎంచుకోండి. మొదటి నెల కోడు రాయకండి. ఇతరులు తెలిపిన బగ్గులను మీ కంప్యూటరు మీద తిరిగి తెప్పించి చూడండి. వచ్చిందా, ఏ వెర్షన్‌లో వచ్చింది, ఏ పాత వెర్షన్‌లో రాలేదు అన్నది రాసి పెట్టండి. తెలుగు తప్పుగా కనబడితే ఆ మాటను బొమ్మగా మాత్రమే కాక అక్షరాలుగా కూడా ఇవ్వండి. ఫాంటు పేరు చెప్పండి, ఎలా కనబడాలో పక్కనే చూపండి. తెలుగు చదవలేని మెయింటెయినరుకు అదొక్కటే దారి. ఆ పని చేసినవారిని ప్రాజెక్టులు మరిచిపోవు.

మెయింటెయినర్ల సమయం గురించి ఇంతగా చెప్పడానికి కారణముంది. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ఒక విషయం బయటపెట్టారు. ఆయన పోస్ట్‌గ్రెస్ డేటాబేసు మీద పనిచేస్తారు. సర్వరులోకి లాగిన్ కావడానికి ఉండవలసిన దానికన్నా అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, ఆ అర సెకను ఎక్కడికి పోతోందో తవ్వుతూ వెళ్లారు. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న లైబ్రరీలో ఎవరో దొంగదారి పెట్టి ఉన్నారు. లినక్స్ సర్వర్లలోకి చొరబడడానికి వేసిన దారి అది. అది ఎలా చేరింది? ఆ లైబ్రరీని ఏళ్ల తరబడి ఒక్క మనిషే, జీతం లేకుండా, చూసుకుంటున్నారు. ఆయన అలసిపోయారు, ఆరోగ్యం బాగాలేదని బహిరంగంగానే చెప్పారు. మార్పులు ఆలస్యమవుతున్నాయని కొత్త పేర్లతో కొందరు ఆయన మీద విసుక్కున్నారు, ఇంకొకరికి బాధ్యత ఇవ్వమని ఒత్తిడి చేశారు. అప్పటికే మంచి సవరణలు పంపుతూ నమ్మకం సంపాదించుకున్న ఒక పేరు సిద్ధంగా ఉంది. రెండేళ్లకు పైగా ఓపికపట్టి ఆ పేరుతో ఉన్నవారు అధికారం చేజిక్కించుకున్నారు. విషం అందరూ చదివే సోర్సులో పెట్టలేదు. టెస్టుల కోసం ఉంచిన ఫైళ్లలోనూ, విడుదల కోసం కట్టిన మూటలోనూ దాచారు.

ఈ సంఘటన నుంచి సాంకేతికంగా నేర్చుకోవలసింది ఉంది. విడుదల చేసే మూట, రిపాజిటరీలో ఉన్న సోర్సు రెండూ ఒకటేనని ఎవరైనా సరిచూసుకునే వీలుండాలి. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఫైళ్లు టెస్టుల్లో ఉండకూడదు. కానీ అంతకన్నా పెద్దది మనిషి సంగతి. ఒక్కరి మీదే ఆధారపడిన ప్రాజెక్టులో ఆ ఒక్కరు అలసిపోయిన రోజున తలుపు తెరిచినట్టే. విసుక్కునేవారు వందమంది, కృతజ్ఞత చెప్పేవారు ఒకరు అయినప్పుడు ఎవరు మాత్రం ఎంతకాలం ఓర్చుకుంటారు? ఉచితంగా వాడుకుంటూ ఆజ్ఞాపించే స్వరంతో రాసే హక్కు మనకు ఎవరూ ఇవ్వలేదు.

ఒక్కరి మీదే ఆధారపడే చిక్కు పరిశోధనలోనూ ఉంది. ఉప్పల్ రోడ్డు మీద హబ్సిగూడ దగ్గర జీవశాస్త్ర పరిశోధనా సంస్థ సీసీఎంబీ ఉంది, దాని పొరుగునే భూభౌతిక పరిశోధనా సంస్థ ఉంది. కరోనా కాలంలో వైరస్ జన్యుక్రమాన్ని గమనించిన దేశవ్యాప్త ప్రయోగశాలల కూటమిలో సీసీఎంబీ ఒకటి. ఆ వైరస్ రకాలకు వంశనామాలు నిర్ణయించే పాంగోలిన్ అనే ప్రోగ్రాం కూడా ఓపెన్ సోర్సే, ఎడిన్‌బరోలో పుట్టింది. ఇవాళ జీవశాస్త్రమైనా భూకంపశాస్త్రమైనా కోడు లేకుండా నడవదు. పరిశోధక విద్యార్థి తన పీహెచ్‌డీ కోసం నాలుగేళ్లు కోడు రాస్తారు, పట్టా తీసుకుని వెళ్లిపోతారు. తరువాత వచ్చిన విద్యార్థికి దాన్ని ఎలా నడపాలో తెలియదు, ఏ వెర్షన్ పైథాన్ కావాలో తెలియదు. మళ్లీ మొదటి నుంచి రాస్తారు. ఇది ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటిలో ఉన్న జబ్బే. దీనికి మందు ఖరీదైనది కాదు. ఏం కావాలో, ఎలా నడపాలో రాసిన రీడ్‌మీ, వాడిన లైబ్రరీల వెర్షన్లతో సహా జాబితా, ఇలాంటి ఇన్‌పుట్ ఇస్తే ఇలాంటి జవాబు రావాలని చూపే చిన్న నమూనా, ఒక లైసెన్సు. లైసెన్సు లేని కోడును బహిరంగంగా పెట్టినా ఎవరూ చట్టబద్ధంగా వాడుకోలేరు. ఇది చాలామందికి తెలియక వదిలేస్తారు.

వెళ్లిపోవడం తప్పు కాదు. ఉద్యోగం మారుతుంది, పెళ్లవుతుంది, తల్లిదండ్రులకు ఒంట్లో బాగుండదు, ఆసక్తే పోవచ్చు. చెప్పకుండా వెళ్లడం వల్లే నష్టం. డెబియన్ ప్రాజెక్టు ఈ విషయంలో నాకు ఆదర్శం. ఒక ప్యాకేజీని ఇక చూసుకోలేనని మెయింటెయినరు బహిరంగంగా ప్రకటించడానికి అక్కడ ఒక పద్ధతి ఉంది. సాయం కావాలి, మరొకరు తీసుకోండి, నేను వదిలేశాను అని మూడు రకాల ప్రకటనలకూ ఒకే జాబితా. ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా ముందుకు రావొచ్చు. వదిలేసినవారిని ఎవరూ నిందించరు. మన తెలుగు సాఫ్ట్‌వేర్‌లో అలాంటి జాబితా లేకపోవడం వల్ల ఎన్ని ఫాంట్లు, ఎన్ని కీబోర్డులు, ఎన్ని నిఘంటువులు చడీచప్పుడు లేకుండా ఆగిపోయాయో! 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 వచ్చినప్పుడు పాత పద్ధతిలో రాసిన యాడాన్లన్నీ ఒక్కరోజులో పనిచేయడం మానేశాయి. కొత్త పద్ధతిలోకి తిరగరాసే మనిషి ఉన్నవే మిగిలాయి. కోడు చెడిపోలేదు, దాని చుట్టూ ఉన్న లోకం కదిలిపోయింది. సాఫ్ట్‌వేర్ నిర్వహణలో పెద్ద భాగం ఈ కదలికతో కలిసి నడవడమే.

అందుకని ఉప్పల్, నాచారం ప్రాంతాల్లోని కాలేజీల అధ్యాపకులకు ఒక మనవి. చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే ప్రతి జట్టూ కొత్తది మొదలుపెట్టి, మార్కులు పడ్డాక వదిలేస్తోంది. ఒక జట్టుకైనా కొత్త ప్రాజెక్టు బదులు, చూసుకునేవారు లేక ఆగిపోయిన ఒక తెలుగు పరికరాన్ని అప్పగించండి. పాత మెయింటెయినరుకు రాసి అనుమతి తీసుకోవడం, టెస్టులు చేర్చడం, మిగిలిపోయిన బగ్గులు తేల్చడం, ఒక విడుదల చేయడం, ఏడాది చివర కింది తరగతి వారికి పత్రాలతో సహా అప్పగించడం. వీటన్నిటికీ మార్కులు వేయండి. జూనియర్లు ఆ కోడును ఎవరి సాయమూ లేకుండా తమ కంప్యూటర్లలో నడపగలిగారా లేదా అన్నదాన్నే వైవాలో మొదటి ప్రశ్న చేయండి.